తెరిచే వస్తువు, మూసే వస్తువు

సింగన్నపాలెం పురపాలక సంఘంలో గొడవ మొదలైంది కుళాయి నీళ్ళు వేళకు రావడం మొదలయ్యాకే. అంతకుముందు నీళ్ళూ లేవు, గొడవా లేదు. జనం కుళాయినీ దేవుణ్ణీ ఒకే తీరున నమ్ముకుని ఎదురుచూసేవారు, కరుణిస్తే బిందె నింపుకునేవారు, లేకపోతే తమ ఖర్మ అనుకుని ఊరుకునేవారు. ఒక ప్రభుత్వ కార్యాలయానికి ఇంతకన్నా సుఖమైన ప్రజలు ఎక్కడ దొరుకుతారు?

ఆ సుఖాన్ని చెడగొట్టింది వారిజ. నీటి సరఫరా విభాగంలో జూనియర్ అసిస్టెంటు. వాళ్ళ నాన్న గవరయ్య అదే విభాగంలో వాల్వులు తిప్పే పనిలో ఉండగానే చనిపోయాడు. కారుణ్య నియామకం కింద కూతురికి గుమాస్తా కుర్చీ ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు ఆ కుర్చీలో కూర్చోమన్నారే గాని పని చెయ్యమని ఎక్కడా చెప్పలేదు. అయినా ఆ పిల్ల చేసింది. తప్పంతా అక్కడే ఉంది.

ఉద్యోగులందరికీ ప్రోగ్రామింగు రావాలని ప్రభుత్వానికి ఒక ఏడాది ఉన్నట్టుండి బుద్ధి పుట్టింది. అందుకు రూబీ అనే కంప్యూటరు భాషను ఎంపిక చేశారు. ఎంపిక చేసిన కమిటీలో ఎవరికీ ఆ భాష రాదు గనక ఎంపిక నిష్పక్షపాతంగా జరిగిందని చెప్పుకున్నారు. పాఠాలు వీడియోలో వచ్చేవి. సింగన్నపాలెం ఆఫీసులో అందరూ వీడియో పెట్టి టిఫినుకు వెళ్ళేవారు, తిరిగొచ్చేసరికి పాఠం అయిపోయి సర్టిఫికెట్టు సిద్ధంగా ఉండేది. వారిజ ఒక్కతే ఇంటి నుంచి టిఫిను తెచ్చుకునే అలవాటుండి వీడియో చూసింది. చూసి ఊరుకోక నేర్చుకుంది.

నేర్చుకున్నాక ఆమెకు మొదట గుర్తొచ్చింది తను ఉండే గానుగ వీధే. ఊళ్ళో చేపల మార్కెట్టు మలుపు దగ్గర నీళ్ళ గొట్టం రెండుగా చీలుతుంది. ఒకటి పల్లంలో ఉన్న ఆఫీసర్ల కాలనీకి పోతుంది, రెండోది మెరక మీదున్న గానుగ వీధికి. కాలనీ వాల్వు మూస్తే తప్ప నీళ్ళు మెరక ఎక్కవు. గవరయ్య ఉన్నన్నాళ్ళూ చెయ్యి గొట్టానికి ఆనించి లోపలి చప్పుడు విని మూసేవాడు. ఆయన పోయాక వాల్వు దగ్గరికి ఎవరు వెళ్తే వాళ్ళు, వాళ్ళకు తోచినప్పుడు మూసేవారు. తోచకపోతే లేదు.

అందుకని వారిజ రూబీలో ఒక పేజీకి మించని చిన్న ప్రోగ్రాము రాసింది. ట్యాంకు కాపలాదారు నీటి మట్టం ఫోనులో చెబుతాడు, ఈమె ఆ అంకె కొడుతుంది. కాలనీ వాల్వు ఎప్పుడు మూయాలో, గానుగ వీధి వాల్వు ఎప్పుడు తెరవాలో అది లెక్క కట్టి వాల్వు మనిషికి సందేశం పంపుతుంది. 'మీ వీధికి నీళ్ళు వస్తున్నాయి' అని గానుగ వీధి ఫోన్లకూ పంపుతుంది. అంతే సంగతి. కొత్తగా వంట నేర్చినవాళ్ళు అన్నం వండినట్టు అమాయకంగా రాసింది, ఉడికింది.

గానుగ వీధి మొదట్లో చౌరస్తా దగ్గర నూకరత్నానికి ఇడ్లీ బండి ఉంది. ఆవిడ జీవితమంతా కుళాయికీ బండికీ మధ్య గడిచిపోయింది. నీళ్ళ కోసం కూర్చుంటే ఇడ్లీలు లేవు, ఇడ్లీలకు పోతే నీళ్ళు లేవు. ప్రోగ్రాము వచ్చిన వారానికే ఆవిడ వారిజను రోడ్డు మీద ఆపి చెయ్యి పట్టుకుంది.

"వారిజమ్మా, నీ కడుపు చల్లగుండ! ఫోను టింగుమందంటే బిందె అట్టుకెళ్తన్నాను. ఇదివరకు కుళాయి కాడ కాపలా కాసీ కాసీ నడుం పడిపోయేది. నిన్న మజ్జానం పడుకున్నానే తల్లీ! పెళ్ళైనకాడి నుంచీ మజ్జానం పడుకోటం ఎరగను."

ఆ మాటకు వారిజకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న ఉంటే ఈ మాట విని మీసం దువ్వుకునేవాడని అనుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కమిషనరు పరాంకుశం గారు కొండ మీద ఒక రిసార్టులో జరిగిన సదస్సు నుంచి తిరిగి వచ్చారు. సదస్సు పేరు 'వస్తుప్రధాన సూత్రాలతో సుపరిపాలన'. వెళ్ళేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఒక సలహాదారుతో వచ్చారు. సలహాదారు పేరు తేజోమూర్తి. మండుటెండలో కోటు వేసుకున్న ఆ మనిషిని చూడగానే ఆఫీసంతా ఆయనకు చాలా విషయాలు తెలుసని నమ్మేసింది.

వారిజను పిలిపించారు.

"ఏమ్మా, ఏదో ప్రోగ్రాము రాశావట?" అన్నారు పరాంకుశం గారు.

"అవునండి. చిన్నదండి."

"పని చేస్తోందా?"

"చేస్తోందండి."

"అదేనమ్మా నా బాధ. నిర్మాణం ఏమీ లేకుండానే పని చేస్తోంది. రేపు పైవాళ్ళు వచ్చి దీని నిర్మాణం ఏదీ అంటే నేను ఏం చూపించను? గానుగ వీధిలో నిండిన బిందెలు చూపించనా?"

తేజోమూర్తి తెర మీద ఆ పేజీని పైనుంచి కిందికి చూసి పెదవి విరిచాడు. "ఇందులో వస్తువులు లేవు సార్. అంతా ఒకే ధారగా కారిపోతోంది. బిగినర్స్ అందరూ చేసే పొరపాటే ఇది. ట్యాంకు ఒక వస్తువు, వాల్వు ఒక వస్తువు, వీధి ఒక వస్తువు. దేనికది ఒక క్లాసుగా, అంటే ఒక అచ్చుగా రాసుకోవాలి. దేని వివరాలు దాని దగ్గర ఉండాలి, దేని పని అది చేసుకోవాలి."

నిజం చెప్పాలంటే వారిజకు ఆ మాట నచ్చింది. అప్పటికప్పుడు కూర్చుని ప్రోగ్రామును ట్యాంకు, వాల్వు, వీధి అని మూడు క్లాసులుగా విడదీసింది. ఎక్కడ ఏముందో తేటగా కనిపించింది, తప్పు దొరికితే దిద్దుకోవడం తేలికయింది. రేపు ఇంకో వీధిని చేర్చాలన్నా ఒక్క వరుసతో అయిపోతుంది. భలే ఉందే అనుకుంది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కాని సలహాదారును తెచ్చుకున్నవాళ్ళు సలహా పనికొచ్చినంత మాత్రాన ఆపుతారా?

"ఇప్పుడు సింగిల్ రెస్పాన్సిబిలిటీ చూద్దాం. ఒక వస్తువుకు ఒకే బాధ్యత ఉండాలి," అన్నాడు తేజోమూర్తి మర్నాడు. "మీ వాల్వు ఏం చేస్తుంది?"

"తెరుచుకుంటుందండి, మూసుకుంటుందండి," అంది వారిజ.

"చూశారా సార్? రెండు!"

గుమాస్తా లంచం తీసుకుంటూ దొరికినా పరాంకుశం గారు అంతగా ఉలిక్కిపడేవారు కాదు. "రెండా? ఇన్నేళ్ళుగా మన వాల్వులకు రెండేసి బాధ్యతలున్నాయా? ఆడిట్ వాళ్ళు ఎందుకు పట్టుకోలేదు?"

అలా వాల్వు క్లాసు రెండయింది. వాల్వు తెరిచే క్లాసు, వాల్వు మూసే క్లాసు. ట్యాంకు నాలుగయింది. వీధిలో ఇంటి నంబరు ఒకటి, కుళాయి ఒకటి, కుళాయి కింద బిందె ఒకటి అయింది. వారం తిరక్కుండా పేజీ కాస్తా అల్మరా అయింది. ప్రతి క్లాసునూ అచ్చు వేయించి, అట్టల మధ్య పెట్టి, తాడు కట్టి, ఒక్కొక్క దానికీ ఒక్కొక్క బాధ్యుణ్ణి నియమించారు. ఒక్క వరుస మార్చాలంటే వారిజ నోటు పెట్టాలి. ఆ నోటు ఆరుగురి సంతకాలు చూసి వచ్చేసరికి దేన్ని ఎందుకు మార్చమందో ఆమెకే గుర్తుండేది కాదు. తిలాపాపం తలా పిడికెడు అని పెద్దలు ఊరికే అనలేదు.

ప్రోగ్రాముకు ఇంత అందం వచ్చాక ఆఫీసు అందవికారంగా కనబడసాగింది పరాంకుశం గారికి. ఒక శుభోదయాన సర్క్యులరు వచ్చింది.

'ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ప్రోగ్రామునందు అమలులోనున్న వస్తుప్రధాన సూత్రములు నేటి నుండి కార్యాలయమునందును అమలు జరుపబడును. ప్రతి ఉద్యోగియు ఒక వస్తువుగా పరిగణింపబడును. ప్రతి వస్తువునకు ఒకే బాధ్యత యుండును. ఒక వస్తువు లోపల ఏమి జరుగుచున్నదో మరియొక వస్తువు అడుగరాదు. పర్యవేక్షక వస్తువు ద్వారా తప్ప ఏ వస్తువునూ నేరుగా పిలువరాదు. ఉల్లంఘించిన వస్తువులపై క్రమశిక్షణా చర్యలు గైకొనబడును.'

అటెండరు ఆ రోజు టీ పోసి గ్లాసులు అక్కడే వదిలేశాడు. ఇవ్వడం మరో వస్తువు పనట. అసిస్టెంటు ఇంజనీరు కోదండం గారైతే సర్క్యులరు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "లోపల ఏం జరుగుతోందో ఎవరూ అడక్కూడదు. ఎంత గొప్ప మాటండీ! నా సర్వీసంతా నేను దీని మీదే బతికానండి. ఇన్నాళ్ళకి గవర్నమెంటు గుర్తించింది," అన్నారు.

ఊరంతా నవ్వుకుంటున్నా వారిజకు నవ్వు రాలేదు. చేపల మార్కెట్టు మలుపులో వాల్వు తిప్పే ఒప్పంద మనిషి ఈ అట్టల గోల చూసి పని మానేసి వెళ్ళిపోయాడు. ఆ పని ఎవరికి ఇవ్వాలా అని సమావేశం పెట్టారు. తేజోమూర్తి ఆలోచించి, "ఇన్‌హెరిటెన్స్ ఉండగా వెతకడం ఎందుకు సార్? బిడ్డ క్లాసుకు తండ్రి క్లాసు పనులన్నీ వాటంతటవే సంక్రమిస్తాయి," అన్నాడు.

అందరూ వారిజ వైపు చూశారు.

"సార్, నాకు గుమాస్తా పని ఉందండి," అంది వారిజ.

"అది నీ సొంత పనమ్మా. ఇది వారసత్వపు పని," అన్నారు పరాంకుశం గారు.

"మరి నాన్న జీతం కూడా..."

"జీతం పని కాదమ్మా, అది లక్షణం," అన్నాడు తేజోమూర్తి తొందరగా. "అది ప్రైవేటు. బిడ్డకు అందదు."

వాల్వులు తిప్పడానికి గవరయ్య వాడిన పొడవాటి ఇనప తాళం స్టోరు గదిలోంచి తీసి ఆమె చేతిలో పెట్టారు. బరువుగా ఉంది. పిడి దగ్గర నాన్న అరచెయ్యి రాసుకుని నున్నబడ్డ చోటు ఇంకా మెరుస్తోంది. దాన్ని పట్టుకున్నప్పుడు ఆమెకు దుఃఖమూ వచ్చింది, ఆ దుఃఖాన్ని మించిన ఒళ్ళుమంటా వచ్చింది. అయినా ఒక ధైర్యం ఉంది. తాళం తన చేతిలో ఉంటే కాలనీ వాల్వు వేళకు మూసి గానుగ వీధికి నీళ్ళు పంపుకోవచ్చు.

ఆ ధైర్యం ఉత్తర్వు చదివేదాకానే. అందులో 'వాల్వులు తెరుచు వస్తువుగా నియమించడమైనది' అని ఉంది.

"మరి మూసేదెవరండి?" అనడిగింది కోదండం గారిని.

"మూసే వస్తువు కొత్త పోస్టమ్మా. మంజూరు కోసం రాజధానికి రాశాం. అది వచ్చేదాకా ఆ బాధ్యత ఖాళీ."

"మూయకపోతే గానుగ వీధికి నీళ్ళెక్కవు కదండి!"

"ఎక్కవు. అయితే అది నీ బాధ్యత కాదు కదా, నీకెందుకు బెంగ? నువ్వు మూశావంటే మాత్రం రెండు బాధ్యతలు చేసినట్టు. ఉద్యోగం పోతుందమ్మా, పిల్లవి, జాగ్రత్త," అన్నారాయన. మంచి మనిషే. సలహా మాత్రం ఎప్పుడూ పని చేయని వైపే ఇస్తారు.

ఇంట్లో సంపాదించేది తనొక్కతే అని వారిజకు తెలుసు. మూయలేదు. గానుగ వీధి మళ్ళీ కుళాయి దగ్గర కాపలా మొదలుపెట్టింది. నూకరత్నం ఒక పూట బండి పెడితే ఒక పూట మానేసింది. వారిజ ఆ వీధిలో తల వంచుకు నడిచేది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ప్రారంభోత్సవం వచ్చిపడింది. కొత్త నిర్మాణాన్ని చూడటానికి రాజధాని నుంచి డైరెక్టరు గారు ముఖ్య అతిథిగా వస్తున్నారు. ఆ రోజు ఉదయం ఉత్తర్వు ప్రకారం వారిజ మార్కెట్టు మలుపులో కాలనీ వాల్వు పూర్తిగా తెరిచింది. తెరవడంతో ఆమె బాధ్యత తీరింది గనక తాళం భుజాన వేసుకుని మీటింగు హాలుకు వచ్చి వెనక నిలబడింది. గానుగ వీధి వాల్వు కూడా తెరిచే ఉంది. గుడ్డికన్ను తెరిచినా ఒకటే, మూసినా ఒకటే.

వేదిక మీద పెద్ద తెర. పరాంకుశం గారు శాలువా కప్పుకుని మీట నొక్కారు. ట్యాంకు వస్తువు మట్టం వస్తువుకు చెప్పింది, మట్టం వస్తువు వేళల వస్తువుకు చెప్పింది, అది మూసే వస్తువును వెతికి, దొరక్క, పర్యవేక్షక వస్తువుకు నివేదించింది. ఇదంతా బాణం గుర్తులతో తెర మీద పాకుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టి చూసింది. చివరికి రెండు వరుసలు వెలిగాయి.

'ఆఫీసర్ల కాలనీ: నీరు వచ్చుచున్నది. గానుగ వీధి: నిల్.'

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యలో హాలు తలుపు దగ్గర ఖాళీ బిందెల చప్పుడూ మోగింది. నూకరత్నం, ఆవిడ వెనక గానుగ వీధి ఆడవాళ్ళు.

"అయ్యా, మా వీధికి నీళ్ళెప్పుడండి?"

"అమ్మా, మీ వీధి సంగతి ఇప్పుడే తేలింది. నిల్ వచ్చింది," అన్నాడు తేజోమూర్తి తెర చూపిస్తూ.

"అంటే ఏంటి బాబూ?"

"ఏమీ లేదని."

"ఏమీ లేదని చెప్పటానికా ఇంత పందిరేసేరు? ఆ ముక్క మా కుళాయే చెప్తంది కదండి!"

తేజోమూర్తి చిన్నగా నవ్వాడు. "అక్కడే పొరబడుతున్నారు. ఏమీ రాకపోవడం వేరు, నిల్ రావడం వేరు. రూబీలో ప్రతిదీ వస్తువే. నిల్ కూడా ఒక వస్తువే. అంటే మీ వీధికి ఒక వస్తువు అందినట్టు."

ముఖ్య అతిథి గారికి అంతవరకూ ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఈ ముక్క మాత్రం వెంటనే అర్థమయింది. ఆయన సర్వీసు సగం నిల్ రిపోర్టుల మీదే గడిచింది. చెప్పడానికి ఏమీ లేకపోయినా ఏమీ లేదని చెబుతూ ప్రతి నెలా రిపోర్టు పంపాలి, పంపనివాళ్ళకు ఆయనే మెమోలు ఇచ్చేవారు.

"అద్భుతం!" అన్నారాయన లేచి నిలబడి. "నిల్ రిపోర్టు కూడా రిపోర్టే అని నేను మొదటినుంచీ చెబుతున్నాను. పరాంకుశం గారూ, ఈ నిల్‌ని ఇప్పుడే సంతకం చేసి పంపించండి. రాష్ట్రానికే ఆదర్శం."

గానుగ వీధికి ఆనాటి సరఫరా నిల్ అని అక్కడికక్కడే సంతకమై, ముద్ర పడి, రాజధానికి వెళ్ళిపోయింది. నూకరత్నం వెనక్కి తిరిగి వారిజను చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నువ్వు రాసిన పేజీ ఏదమ్మా?" అంది. "అది మంచిది కదా."

వారిజ భుజాన తాళంతో మార్కెట్టు మలుపు వైపు నడిచింది.

ముఖ్య అతిథి గారి కారు ఊరు దాటిందో లేదో, పరాంకుశం గారి ఫోను మోగింది. ఆయన బంగళా ఆఫీసర్ల కాలనీలో, అన్నిటికన్నా పల్లంలో ఉంది. ఉదయం నుంచి మూసే దిక్కు లేక ట్యాంకు నీళ్ళన్నీ అటే పారుతున్నాయి. సంపు నిండింది, తొట్లు నిండాయి, వంటింట్లోకి వచ్చాయి. భార్యగారి గొంతు ఫోను దాటి అందరికీ వినపడింది. "పూజ గదిలో పీటలు తేలుతున్నాయండీ!"

పరాంకుశం గారు మార్కెట్టు మలుపుకు పరుగెత్తుకొచ్చారు. వెనకే తేజోమూర్తి, కోదండం గారు, వాళ్ళ వెనక చేపలు అమ్మేవాళ్ళు. వారిజ అప్పటికే అక్కడ తాళం పట్టుకుని నిలబడి ఉంది.

"మూసెయ్యమ్మా! తొందరగా!"

"నన్ను మీరు నేరుగా పిలవకూడదండి," అంది వారిజ నెమ్మదిగా. "మీ మాట పర్యవేక్షక వస్తువు ద్వారా రావాలండి. సర్క్యులరులో ఉంది."

పరాంకుశం గారు కోదండం గారి వైపు తిరిగారు. "ఏమయ్యా, పర్యవేక్షకుడివి నువ్వే కదా! చెప్పు! ఏం చేస్తున్నావు?"

"నా లోపల ఏం జరుగుతోందో మీరు అడక్కూడదండి," అన్నారు కోదండం గారు వినయంగా.

"సరే, నేను చెప్పానని నువ్వు చెప్పు!"

కోదండం గారు చెప్పారు. వారిజ తల అడ్డంగా ఊపింది. "మూయడం నా క్లాసులో లేదండి. ఉద్యోగం పోతుందని మీరే చెప్పారు. నాకు తెరవడం ఒక్కటే వచ్చు. కావాలంటే ఇంకోసారి తెరుస్తాను."

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి సోఫా అట. పరాంకుశం గారు సలహాదారు కోటు పట్టుకున్నారు. "ఏదో ఒక సూత్రం చెప్పవయ్యా! ఇన్ని చెప్పావు కదా!"

తేజోమూర్తి చెమటలు తుడుచుకున్నాడు. "ఒకటుంది సార్. ఓవర్‌రైడ్. తండ్రి నుంచి వచ్చిన పనిని బిడ్డ క్లాసు తన తీరులో తిరగరాసుకోవచ్చు."

ఇన్నాళ్ళూ వారిజ మింగిన కోపమంతా పైకి వచ్చింది గాని మాట మాత్రం తొణకలేదు. "అయితే తిరగరాయండి. మా నాన్న పని తెరవడం కాదు, మూయడం కాదు. తాళం తిప్పడం. అది ఒకటే బాధ్యత. ఎటు తిప్పాలి, ఎప్పుడు తిప్పాలి అన్నది నా లోపలి విషయం. అది ఇకమీదట ఎవరూ అడక్కూడదు. రాసి సంతకం పెట్టండి."

పరాంకుశం గారు కోదండం గారి వీపు మీద కాగితం పెట్టి రాశారు. అంత సూటి ఉత్తర్వు ఆయన తన సర్వీసులో మరెప్పుడూ రాయలేదు.

వారిజ కాగితం మడిచి దాచుకుని, తాళం దించి, ఒళ్ళంతా బిగబట్టి తిప్పింది. కాలనీ గొట్టంలో హోరు తగ్గింది, ఆగింది. రెండో గొట్టం మీద చెయ్యి ఆనించింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత అడుగున ఎక్కడో గరగరమని మొదలై, చల్లదనం అరచేతికి తగిలి, నీళ్ళు మెరక ఎక్కసాగాయి. నాన్న వినేది దీన్నేనని అప్పుడు తెలిసిందామెకు. అందరి ముందూ ఏడ్చేసింది, సిగ్గుపడలేదు.

గానుగ వీధిలో అందరి ఫోన్లలోనూ 'నిల్' అనే ఉంది. కుళాయిలో మాత్రం నీళ్ళు దబదబా పడుతున్నాయి. వీధి వీధంతా ఫోనును నమ్మడం మానేసి కుళాయిని నమ్ముకుంది.

ఇల్లు అలకగానే పండగ కాదు. నిండు బిందెలతో నవ్వుతున్న గానుగ వీధి ఆడవాళ్ళ ఫోటో మర్నాడు పేపర్లో పడింది. రాజధాని నుంచి ప్రశ్న వచ్చింది. సరఫరా నిల్ అని సంతకం చేసి పంపారు కదా, మరి ఈ నీళ్ళు ఎక్కడివి?

మామూలు మనుషులైతే రిపోర్టు తప్పని చెప్పేవారు. కాని రిపోర్టు తప్పంటే నిర్మాణం తప్పు, నిర్మాణం తప్పంటే శాలువా తప్పు. అందుకని బాగా ఆలోచించి, నీళ్ళే తప్పని తేల్చారు. వారిజకు మెమో వచ్చింది.

'రికార్డుల ప్రకారము రాని నీటిని గానుగ వీధి వాసులు అనధికారికముగా పట్టుకొనియున్నట్లు తెలియవచ్చుచున్నది. సదరు నీటిని నేటి సాయంత్రములోగా తిరిగి రాబట్టి జమ చేయవలెను. లేనియెడల మిమ్ములను ఉద్యోగము నుండి ఏల తొలగించరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

ఎన్ని ఎండాకాలాలు మొత్తుకున్నా గానుగ వీధి మొహం చూడని మునిసిపల్ ట్యాంకరు ఆ మధ్యాహ్నం మొదటిసారిగా ఆ మెరక ఎక్కింది. నీళ్ళు ఇవ్వడానికి కాదు, తీసుకోవడానికి. పక్కన రిజిస్టరుతో కోదండం గారు, ఆయన పక్కన తెల్లబోయిన మొహంతో వారిజ.

"అమ్మా, నిన్న పట్టిన నీళ్ళు ఇందులో పోసెయ్యండి. ఇవి మీకు రాని నీళ్ళు," అన్నారు కోదండం గారు.

"నిన్నటి నీళ్ళు ఇంకా ఉంటాయేటండి? పిండిలో పోసేం, పప్పులో పోసేం, పిల్లలకి తానాలు పోసేం," అంది నూకరత్నం. "ఇయ్యకపోతే ఏం చేత్తారు?"

"నీళ్ళు రాకపోతే ఈ అమ్మాయి ఉద్యోగం పోతుందమ్మా."

నూకరత్నం వారిజ వైపు చూసింది, ట్యాంకరు వైపు చూసింది. గబగబా ఇంట్లోకి పోయి ఖాళీ బిందె తెచ్చి, ట్యాంకరు నిచ్చెన ఎక్కి, మూత దగ్గర బిందెను బోర్లించి అడుగున రెండు దెబ్బలు కొట్టింది.

"రాస్కోండి బాబూ. నిల్ పోసేను. నిల్లు కూడా వస్తువేనని కోటాయన చెప్పేడుగా. మాకు పంపింది అదే, మేం తిరిగిచ్చేదీ అదే."

దిగగానే వెనకావిడ ఎక్కింది. ఆవిడ వెనక ఇంకో ఆవిడ. బకెట్లు, తపేలాలు, పిల్లల చెంబులు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ట్యాంకరు మీద బోర్లపడ్డాయి. కోదండం గారు చాలాసేపు చూశారు. ఆయన లోపల ఏం జరిగిందో మనం అడక్కూడదు. పెన్ను తీసి రాశారు. 'గానుగ వీధికి పంపినది నిల్. తిరిగి రాబట్టినది నిల్. లెక్క సరిపోయినది. మెమో ఉపసంహరించవచ్చును.'

లోపలున్నది ఒలికిపోకుండా ట్యాంకరు మూత గట్టిగా బిగించమని ఆయన డ్రైవరుకు చెప్పారు. మూసే పోస్టు ఇంకా మంజూరు కాలేదు గాని ఆ మూత మూయడానికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నిర్మాణానికి తర్వాత రాష్ట్ర స్థాయి అవార్డు వచ్చింది. ప్రోగ్రాము ఈనాటికీ గానుగ వీధికి రోజూ ఒక సందేశం పంపుతూనే ఉంది. 'తిప్పడం' ఉత్తర్వును రద్దు చేయాలంటే దాన్ని ఎందుకు ఇచ్చారో చెప్పాలి గనక ఎవరూ రద్దు చేయలేదు. వారిజ చెయ్యి ఆనించి, విని, వేళకు తిప్పుతుంది. ప్రోగ్రాము సందేశం పంపే వేళా ఆమెకు తెలుసు, అందుకే సరిగ్గా ఆ వేళకే తిప్పుతుంది. ఫోను టింగుమని 'నిల్' అని రాగానే గానుగ వీధిలో బిందెలు బయటికొస్తాయి. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఎవరైనా తెల్లమొహం వేస్తే నూకరత్నమే చెబుతుంది.

"ఏమీ లేదని వచ్చిందిగా, ఇంకా చూత్తావేంటమ్మా? బిందె తే, నీళ్ళొచ్చేత్తన్నాయి!"